నార్డిక్ స్వరకర్తల తొలి స్ట్రింగ్ క్వార్టెట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నీల్సన్ (డెన్మార్క్), సిబేలియస్ (ఫిన్లాండ్), స్టెన్‌హమ్మార్ (స్వీడన్) ఇరవైల్లో, గ్రీగ్ (నార్వే) ముప్ఫైల్లో రాసిన క్వార్టెట్ల గురించి పదే పదే వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. "అవన్నీ చదువుకునే రోజుల్లో రాసినవి కదా, తర్వాతి సింఫనీలు వింటే చాలు" అని చాలామంది అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకో కింద జవాబుల్లో చెప్తాను.

అసలు స్ట్రింగ్ క్వార్టెట్ అంటే ఏంటి?

రెండు వయోలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో. నలుగురే ఉంటారు, కండక్టర్ ఉండడు. వియోలా చూడ్డానికి వయోలిన్ లాగే ఉంటుంది కానీ కాస్త పెద్దది, గొంతు కింద స్థాయిలో పలుకుతుంది. చెల్లో మోకాళ్ల మధ్య నిలబెట్టి కూర్చుని వాయించేది. ఈ నాలుగింటి కోసం రాసిన రచననీ క్వార్టెట్ అంటారు, వాయించే బృందాన్నీ క్వార్టెట్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో హైడెన్ దీన్ని ఒక దారిలో పెట్టాడు, మొత్సార్ట్, బేతోవెన్ ఇంకా పైకి తీసుకెళ్లారు. మామూలుగా నాలుగు భాగాలుంటాయి, వాటిని మూవ్‌మెంట్లు అంటారు: మొదటిది వేగంగా, రెండోది నెమ్మదిగా, మూడోది చురుకైన నడకలో (స్కెర్జో అనే పేరు తరచుగా కనిపిస్తుంది), చివరిది మళ్లీ వేగంగా. అన్నీ కలిపి సుమారు అరగంట.

ఆర్కెస్ట్రాకి రాసేటప్పుడు ఎక్కడైనా ఆలోచన పలచబడితే ట్రంపెట్లతో, డ్రమ్ములతో కప్పేయొచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు, నలుగురిలో ఒక్కరికి ఊరికే పని కల్పించినా వెంటనే తెలిసిపోతుంది.

నార్డిక్ అంటే ఎవరెవరు? ఏ కాలం?

డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ వాళ్ల గురించి చెప్తున్నాను. కాలం సుమారు 1865 నుంచి 1900 దాకా. ఆ రోజుల్లో నార్వే స్వీడన్ రాజు కింద ఉంది (విడిపోయింది 1905లో), ఫిన్లాండ్ రష్యా జార్ కింద ఉంది (స్వాతంత్ర్యం వచ్చింది 1917లో). "మా సంగీతం మాకుండాలి" అనే పట్టుదల అప్పటి వాళ్లలో గట్టిగా ఉండటానికి ఇదొక కారణం.

వీళ్లకంటే ముందు ఎవరూ లేరని కాదు. స్వీడన్‌లో ఫ్రాంజ్ బెర్వాల్డ్ 1849లోనే రెండు గొప్ప క్వార్టెట్లు రాశాడు, ఒకటి ఎ మైనర్, ఇంకొకటి ఇ ఫ్లాట్ మేజర్ (ఇలాంటివి రచన ఏ శృతిలో ఉందో చెప్పే పేర్లు). ఆయన బతికున్న రోజుల్లో సొంత దేశమే ఆయన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన గురించి విడిగా పెద్ద వ్యాసమే రాయాలి, ఇక్కడ ఆపేస్తున్నాను.

అందరూ జర్మనీకే ఎందుకు వెళ్లారు?

సంగీతం నేర్పే పెద్ద బడి అక్కడుంది కాబట్టి. జర్మన్ స్వరకర్త మెండెల్సన్ 1843లో లైప్‌జిగ్‌లో కన్జర్వేటరీ పెట్టాడు. గ్రీగ్ పదిహేనేళ్ల వయసులో, 1858లో అక్కడికి వెళ్లాడు. నార్వేకే చెందిన యోహాన్ స్వెండ్‌సెన్ 1863లో వెళ్లాడు, వయోలిన్ నేర్చుకుందామని. చేతికి జబ్బు చేసి వయోలినిస్ట్‌గా ఎదిగే దారి మూసుకుపోయింది, దాంతో స్వరరచన వైపు తిరిగాడు. చదువుకుంటూనే 1865లో రాసిన ఎ మైనర్ క్వార్టెట్‌ని ఓపస్ 1గా (స్వరకర్త రచనలకి వరసగా ఇచ్చే నంబర్‌ని ఓపస్ అంటారు) పెట్టుకున్నాడు, మరుసటి ఏడు ఎనిమిది తీగ వాద్యాలకి ఆక్టెట్ (ఓపస్ 3) రాశాడు. విద్యార్థి రాసినవి అంటే నమ్మబుద్ధి కానంత పొందికగా ఉంటాయి రెండూ. తీగల మీద ఏ స్వరం ఎక్కడ తేలిగ్గా పలుకుతుందో లోపలి నుంచి తెలిసినవాడు రాసిన సంగీతం అది.

డెన్మార్క్ పెద్దాయన నీల్స్ గాదె కూడా లైప్‌జిగ్‌లో ఎదిగినవాడే. మెండెల్సన్ ఇ మైనర్ వయోలిన్ కన్చెర్టో 1845లో మొదటిసారి వినిపించినప్పుడు ఆర్కెస్ట్రాని నడిపింది గాదెనే. తర్వాత కోపెన్‌హేగన్‌కి తిరిగొచ్చి దశాబ్దాల పాటు అక్కడి సంగీతానికి పెద్దదిక్కుగా ఉన్నాడు. అంటే జర్మనీ దాకా వెళ్లని డేనిష్ కుర్రాడికి కూడా మెండెల్సన్ పద్ధతే గాదె చేతుల మీదుగా అందేది.

కుర్రతనంలో అందరూ క్వార్టెట్టే ఎందుకు రాశారు?

రెండు కారణాలు. ఒకటి, గురువులు రాయమనేవాళ్లు. నాలుగు గొంతుల్ని కలిపి నడపడం వచ్చిందా లేదా అని తేల్చడానికి ఇంతకంటే కచ్చితమైన పరీక్ష లేదు. గ్రీగ్‌ని లైప్‌జిగ్‌లో గురువు రైనెకె క్వార్టెట్ రాయమంటే 1861లో డి మైనర్‌లో ఒకటి రాశాడు, అది ఇప్పుడు దొరకదు. రెండో కారణం ఇంకా మామూలుది: క్వార్టెట్ రాస్తే ఆ వారంలోనే వినొచ్చు. సింఫనీకి యాభై మంది, హాలు, డబ్బు కావాలి. క్వార్టెట్‌కి నలుగురు స్నేహితులు, ఒక గది చాలు. సిబేలియస్ ఇంట్లో ఆయన వయోలిన్, తమ్ముడు క్రిస్టియన్ చెల్లో, అక్క లిండా పియానో వాయించేవాళ్లు. నీల్సన్ స్వయంగా వయోలినిస్ట్. రాసిన కాగితం తడి ఆరకముందే తీగల మీద వినేవాళ్లు వీళ్లు, ఆ తాజాదనం సంగీతంలో తెలుస్తుంది.

ఒక్కటే వినడానికి టైముంది. ఏది వినమంటారు?

పాశ్చాత్య సంగీతం అసలు అలవాటు లేకపోతే గ్రీగ్ జి మైనర్ (ఓపస్ 27). కొంచెం అలవాటుంటే నీల్సన్ జి మైనర్ (ఓపస్ 13). రెండూ ఒకే శృతిలో ఉన్నా ఒకదాని పోలిక ఇంకొకదానికి లేదు.

గ్రీగ్ క్వార్టెట్‌లో అంత ప్రత్యేకత ఏంటి?

1877లో గ్రీగ్ ఊరి సందడికి దూరంగా హార్డాంగర్ ఫ్యోర్డ్ పక్కన లోఫ్ట్‌హుస్ అనే చోటికి వెళ్లి, పని చేసుకోవడానికి చిన్న చెక్క గుడిసె కట్టించుకున్నాడు. అక్కడే ఈ క్వార్టెట్ పుట్టింది. 1878 అక్టోబర్ 29న కొలోన్‌లో రాబర్ట్ హెక్‌మన్ బృందం మొదటిసారి వాయించింది, రచన అంకితం ఇచ్చింది కూడా హెక్‌మన్‌కే.

దీనికి బీజం ఒక పాట. నార్వే రచయిత ఇబ్సెన్ కవితకి గ్రీగ్ అంతకుముందే బాణీ కట్టాడు. అందులో వయోలిన్ వాయించేవాడు నీటిలో ఉండే ఒక మాయా శక్తి దగ్గర విద్య నేర్చుకుంటాడు. విద్య పూర్తిగా వశమయ్యేసరికి ప్రేమించిన అమ్మాయి అన్నదమ్ముల్లో ఒకడికి పెళ్లికూతురై ఉంటుంది. ఆ పాట మొదటి వరసని తీసుకుని, నాలుగు వాద్యాలతో ఒకేసారి గట్టిగా పలికించి క్వార్టెట్ మొదలుపెడతాడు గ్రీగ్. మొదటి అర నిమిషం జాగ్రత్తగా వినండి: పై స్వరం నుంచి ఒక మెట్టు దిగి, అక్కడి నుంచి ఇంకాస్త పెద్ద అంగ దిగే మూడు స్వరాల పలుకు ఒకటి వినిపిస్తుంది. అది నాలుగు మూవ్‌మెంట్లలోనూ వేషం మార్చి వస్తూనే ఉంటుంది. రెండో మూవ్‌మెంట్‌లో చెల్లో హాయిగా పాడుతుంటే మధ్యలో గొడవగా చొరబడేది కూడా దాని బంధువే.

ఇంకో విషయం, దీని శబ్దం. ఒక్కో వాద్యంలో రెండేసి, మూడేసి తీగలు ఒకేసారి మోగిస్తాడు, నలుగురు వాయిస్తుంటే పదిమంది వాయిస్తున్నట్టు ఉంటుంది. లైప్‌జిగ్‌లో ఆయన పుస్తకాలు వేసే ప్రచురణకర్త ఇది క్వార్టెట్‌లా లేదని మొదట వెనకాడాడు, వేరేవాళ్లు వేశారు. గ్రీగ్ మాత్రం తనకి కావాల్సింది విస్తారం, మోత, పైకెగిరే ఊపు అని స్నేహితుడికి రాసిన ఉత్తరంలో స్పష్టంగా చెప్పుకున్నాడు. పదిహేనేళ్ల తర్వాత, 1893లో ఫ్రాన్స్ స్వరకర్త డెబ్యుసీ రాసిన క్వార్టెట్ కూడా జి మైనరే, అదీ ఒకే బీజాన్ని అన్ని మూవ్‌మెంట్లలో తిప్పేదే. గ్రీగ్ రచన ప్రభావం అందులో ఉందని సంగీతం గురించి రాసేవాళ్లు చాలామంది అంటారు. పక్కపక్కన వింటే నాకూ అలాగే అనిపిస్తుంది.

గ్రీగ్ ఇంకో క్వార్టెట్ రాయలేదా?

1891లో ఎఫ్ మేజర్‌లో ఒకటి మొదలుపెట్టాడు. రెండు మూవ్‌మెంట్లు పూర్తయ్యాయి, మిగతావి చిత్తుప్రతుల దగ్గరే ఆగాయి. ఏళ్ల తరబడి అది పూర్తి కాకుండా పాత నార్వే చీజ్‌లా పడి ఉందని ఆయనే విసుక్కున్నాడు. 1907లో ఆయన పోయాక, స్నేహితుడు జూలియస్ రోంట్గెన్ ఆ రెండు మూవ్‌మెంట్లనీ 1908లో ప్రచురించాడు. చక్కగా ఉంటాయి, కానీ జి మైనర్‌లోని మంట ఇందులో లేదు.

నీల్సన్ గురించి చెప్పండి. పల్లెటూరి కుర్రాడికి క్వార్టెట్ ఎలా అబ్బింది?

ఈ విషయం ఎంత చెప్పినా తనివి తీరదు నాకు. కార్ల్ నీల్సన్ 1865లో డెన్మార్క్‌లోని ఫ్యూన్ ద్వీపంలో పుట్టాడు. పన్నెండు మంది పిల్లల్లో ఏడోవాడు. తండ్రి ఇళ్లకి రంగులేసే పని చేసేవాడు, పెళ్లిళ్లలో, ఊరి పండగల్లో వయోలిన్, కార్నెట్ వాయించేవాడు. నీల్సన్ చిన్నప్పుడు ఇంటి వెనక పేర్చిన కట్టెలని కొట్టి చూసి, ఏ కట్టె ఏ స్వరం పలుకుతుందో కనిపెట్టి బాణీలు వాయించేవాడట. పద్నాలుగేళ్లకే ఒడెన్సేలో మిలిటరీ బ్యాండ్‌లో చేరి బ్యూగిల్, ట్రాంబోన్ ఊదాడు. ఆ బ్యాండ్‌లో ఉంటూనే, పెద్ద గురువు ఎవరూ లేకుండానే, 1882-83 మధ్య డి మైనర్‌లో ఒక క్వార్టెట్ రాసేశాడు. దాని నెమ్మది మూవ్‌మెంట్‌ని పట్టుకుని కోపెన్‌హేగన్ వెళ్లి గాదెకి చూపించాడు. గాదె చూసి, నిర్మాణం మీద నీకు మంచి పట్టుంది అని మెచ్చుకున్నాడు. 1884 మొదట్లో కన్జర్వేటరీలో సీటొచ్చింది.

ఆ డి మైనర్, తర్వాత 1887లో రాసిన ఎఫ్ మేజర్, రెంటికీ నంబర్లు లేవు. అవి నిజంగానే అభ్యాసాలు, హైడెన్, మొత్సార్ట్‌ల నీడ బాగా కనిపిస్తుంది. నంబరున్నవి నాలుగు.

నీల్సన్ మొదటి క్వార్టెట్ ఓపస్ 13, రెండోది ఓపస్ 5. ప్రింటింగ్ తప్పా?

తప్పు కాదు. జి మైనర్ క్వార్టెట్‌ని ముందు రాశాడు, 1887-88లో, ఇరవై రెండేళ్లప్పుడు. తర్వాత 1890లో ఎఫ్ మైనర్ రాశాడు, అది ముందు ఓపస్ 5గా బయటికొచ్చింది. జి మైనర్‌ని మాత్రం దాదాపు పదేళ్లు పక్కన పెట్టి, మళ్లీ తీసి సరిదిద్ది 1900లో ప్రచురించాడు. అప్పటికి వరసలో 13 వచ్చింది. స్వెండ్‌సెన్ అరవయ్యో పుట్టినరోజు సందర్భంగా ఆయనకే అంకితమిచ్చాడు. ఆ అంకితం వెనక ఒక కథ ఉంది: నీల్సన్ 1889 నుంచి కోపెన్‌హేగన్ రాయల్ థియేటర్ ఆర్కెస్ట్రాలో రెండో వయోలిన్ల వరసలో కూర్చునేవాడు, ఆ ఆర్కెస్ట్రాకి ముఖ్య కండక్టర్ స్వెండ్‌సెన్. 1894లో నీల్సన్ మొదటి సింఫనీని స్వెండ్‌సెన్ నడిపిస్తే, నీల్సన్ తన సీటులోంచి లేచొచ్చి జనానికి దండం పెట్టి వెళ్లాడు.

కాబట్టి ఓపస్ 13 విన్నప్పుడు ఇద్దరు నీల్సన్‌లని వింటాం, ఇరవై రెండేళ్లవాడినీ, దాన్ని దిద్దిన ముప్ఫైలవాడినీ. చివరి మూవ్‌మెంట్ ముగింపుకి దగ్గరగా స్కోర్‌లో (స్వరాలు రాసిన కాగితాల్లో) "రెజ్యూమే", అంటే సారాంశం, అని రాసి ఉంటుంది. అక్కడ మొదటి, మూడో, నాలుగో మూవ్‌మెంట్ల బాణీలని ఒకదాని మీద ఒకటి వేసి ఒకేసారి నడిపిస్తాడు. అరగంట సేపు విడివిడిగా విన్నవన్నీ ఒక్కసారిగా కలిసి వినిపించేసరికి ఒళ్లు జలదరిస్తుంది. మొదటిసారి మిస్సయితే వెనక్కి జరిపి వినండి. మూడో మూవ్‌మెంట్ బాణీ గుర్తుపెట్టుకుంటే తేలిగ్గా పట్టుకోవచ్చు.

యోఆఖిమ్ నీల్సన్‌ని తిట్టాడంటారు, నిజమేనా?

తిట్టలేదు, ముఖం చిట్లించాడు. 1890 చివర్లో స్కాలర్‌షిప్ మీద జర్మనీ వెళ్లిన నీల్సన్, బెర్లిన్‌లో ఎఫ్ మైనర్ క్వార్టెట్‌ని యోసెఫ్ యోఆఖిమ్‌కి వినిపించాడు. యోఆఖిమ్ అంటే బ్రామ్స్‌కి ఆప్తుడు, ఐరోపాలోనే పేరు మోసిన వయోలినిస్ట్, క్వార్టెట్ వాయించడంలో ఆయన మాటకి తిరుగులేదు. కొన్ని చోట్ల స్వరాలు ఘోరంగా ఉన్నాయి, మార్చుకో అన్నాడు. మారిస్తే రచన స్వభావమే పోతుందని పాతికేళ్ల కుర్రాడు జవాబిచ్చాడు. దానికి యోఆఖిమ్, నేను ముసలివాణ్ణయి ఛాందసుణ్ణి అయ్యానేమో, నీకు అలా అనిపిస్తే అలాగే రాయి అన్నట్టుగా మాట్లాడి వదిలేశాడు. ఇద్దరి మీదా గౌరవం పెరుగుతుంది ఈ సంగతి చదివితే.

ఏ చోట్ల అభ్యంతరం చెప్పి ఉంటాడో వింటే ఊహించొచ్చు. ఎఫ్ మైనర్‌లో ఒక శృతిలో స్థిరపడ్డాం అనుకునేలోపే నీల్సన్ దారి తప్పించినట్టు పక్క శృతిలోకి దూకేస్తాడు. తర్వాత రోజుల్లో ఆయన సింఫనీలకి ప్రాణంగా మారింది ఈ దూకుడే. ఈ క్వార్టెట్‌ని 1892లో కోపెన్‌హేగన్‌లో జనం ముందు వాయించారు.

గుర్రం కథ ఏంటి?

మూడో క్వార్టెట్ (ఇ ఫ్లాట్ మేజర్, ఓపస్ 14) రాతప్రతి పట్టుకుని నీల్సన్ సైకిల్ మీద నకలు రాసేవాడి దగ్గరికి వెళ్తున్నాడు. దారిలో బండికి కట్టిన గుర్రం కిందపడి ఇరుక్కుపోయి ఉంది. సైకిల్ దిగి, కాగితాల కట్టని పక్కనున్న పిల్లాడి చేతిలో పెట్టి, గుర్రాన్ని లేపడానికి సాయం పట్టాడు. తిరిగి చూస్తే పిల్లాడూ లేడు, కాగితాలూ లేవు. మిగిలిన చిత్తుప్రతులు, జ్ఞాపకం, వీటితోనే అదంతా మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఆ క్వార్టెట్‌ని గ్రీగ్‌కి అంకితమిచ్చాడు. పై రెండింటికంటే ఇది గట్టిపడిన చేతి రచన, ప్రతి వాద్యం తన దారిన తను నడుస్తూనే మిగతా మూడింటితో వాదిస్తుంటుంది. మొదటిసారి వింటే తికమకగా ఉంటుంది, రెండు మూడు సార్లు వినాల్సిందే.

సిబేలియస్ క్వార్టెట్ అంటే "వోచెస్ ఇంటిమే" ఒక్కటే కదా?

అందరికీ తెలిసింది అదొక్కటే, 1909 నాటిది, గొప్పది. కానీ అంతకుముందు మూడు పూర్తి క్వార్టెట్లు ఉన్నాయి: ఇ ఫ్లాట్ మేజర్ (1885), ఎ మైనర్ (1889), బి ఫ్లాట్ మేజర్ (1890, ఓపస్ 4). మొదటిది పందొమ్మిదేళ్లప్పుడు, హెల్సింకి సంగీత విద్యాలయంలో చేరడానికి ముందు ఎండాకాలంలో రాశాడు. హైడెన్‌ని శ్రద్ధగా చదువుకున్న పిల్లాడి పని, అంతకుమించి చెప్పడానికి లేదు.

ఎ మైనర్ మాత్రం వేరే లెక్క. 1889 మే 29న విద్యాలయం కచేరీలో వాయించారు. విద్యాలయం నడిపే మార్టిన్ వెగెలియస్ దగ్గర సిబేలియస్ చదువు దాంతో ముగిసింది. అప్పుడక్కడ పియానో నేర్పుతున్న ఇటలీ కుర్రాడు ఫెరుచ్చియో బుసోని (వయసులో సిబేలియస్ కంటే చిన్నవాడు) ఆ స్కోర్‌ని పియానో మీద వాయించి చూసి ముచ్చటపడ్డాడు. విమర్శకుడు కార్ల్ ఫ్లోడిన్, ఈ ఒక్క రచనతో ఈ కుర్రాడు ఫిన్లాండ్ సంగీతాన్ని ముందుకి తీసుకెళ్లేవాళ్ల మొదటి వరసలోకి వచ్చేశాడని రాశాడు. వింటే ఫ్లోడిన్ అతిశయోక్తి ఏమీ చెప్పలేదనిపిస్తుంది. దిగులుగా, నెమ్మదిగా మొదలవుతుంది, గబగబా వేడెక్కదు, ఆ ఓపిక ముందు ముందు సింఫనీల్లో మనం గుర్తుపట్టే ఓపికే.

బి ఫ్లాట్‌ని 1890 అక్టోబర్‌లో హెల్సింకిలో వాయించారు. దాని మూడో మూవ్‌మెంట్ ప్రెస్టోని 1894లో స్ట్రింగ్ ఆర్కెస్ట్రాకి మార్చి రాశాడు. అదొక్కటి వాడుకుని మిగతాది ప్రచురించకుండా ఉంచేశాడు. మరో సంగతి, ఆయన వయోలినిస్ట్ కావాలని గట్టిగా ఆశపడ్డాడు, 1891లో వియన్నా ఫిల్హార్మోనిక్‌కి ఆడిషన్ ఇస్తే తీసుకోలేదు. మరుసటి ఏడు "కుల్లెర్వో" (ఫిన్లాండ్ పురాణ గాథ మీద ఆర్కెస్ట్రాకి, గాయకులకి రాసిన పెద్ద రచన) వచ్చింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు క్వార్టెట్ జోలికి పోలేదు.

రికార్డింగుల మీద జెఎస్ 183, జెఎస్ 184 అని కనిపిస్తే కంగారు పడకండి. ఓపస్ నంబర్ లేని రచనలకి ఫాబియన్ దాల్‌స్ట్రోమ్ ఇచ్చిన నంబర్లవి, పేర్ల అక్షర క్రమంలో ఉంటాయి. అందుకే ఎ మైనర్ 183, దానికి నాలుగేళ్ల ముందుదైన ఇ ఫ్లాట్ 184.

స్వరకర్తే పక్కన పెట్టేసిన రచనని బయటికి తీసి వినడం న్యాయమేనా?

తరచుగా వచ్చే ప్రశ్నే, కొందరు కోపంగా కూడా అడుగుతారు. నా జవాబు: న్యాయమే. సిబేలియస్ 1940ల్లో తన ఇంట్లో ఒక బుట్టెడు రాతప్రతులు తగలబెట్టాడు, ఎనిమిదో సింఫనీ అందులోనే పోయిందంటారు. పారేయాలనుకున్నవి పారేయడం ఆయనకి చేతకాక కాదు. కుర్రనాటి కాగితాలు మాత్రం కుటుంబం దగ్గర మిగిలాయి, 1982లో వాళ్లు హెల్సింకి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చేశారు. అప్పటి నుంచే ఇవన్నీ మన చెవిన పడటం మొదలైంది.

నలభై ఐదేళ్ల మనిషి తన ఇరవై నాలుగేళ్లప్పటి పనిని చూసి ఇబ్బంది పడటం సహజం. వినేవాళ్లకి ఆ ఇబ్బంది లేదు. పెద్దయ్యాక రాసిన దాంట్లో ఆయన అన్నీ సర్దేసి ఉంటాడు, ఎక్కడ ఏది ఎందుకు వచ్చిందో కనపడదు. తొలి క్వార్టెట్లో బేతోవెన్ దగ్గర అరువు తెచ్చుకున్న నడక పక్కనే ఉన్నట్టుండి ఎవరి దగ్గరా నేర్చుకోని నాలుగు బార్లు (తాళం ఆవర్తనాల్లాంటి చిన్న కొలతలు) దొర్లుతాయి. ఆ క్షణం కోసమే నేను వీటిని వింటాను. పరిపూర్ణమైన రచనలో ఆ క్షణం దొరకదు.

స్టెన్‌హమ్మార్ పేరే వినలేదు. ఎవరు?

స్వీడన్ వాడు, 1871లో స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. పియానిస్ట్, తర్వాత 1907 నుంచి గోథెన్‌బర్గ్ ఆర్కెస్ట్రా కండక్టర్. ఆరు నంబరున్న క్వార్టెట్లు రాశాడు, స్వీడన్‌లో ఆ తరంలో ఈ రూపాన్ని ఇంత పట్టుగా నమ్ముకున్నవాడు ఇంకొకడు లేడు. తను తీగ వాద్యం వాయించేవాడు కాదు, కానీ టోర్ ఔలిన్ బృందం పక్కనే ఉంది. 1887లో మొదలై 1912 దాకా నడిచిన ఆ క్వార్టెట్‌తో కలిసి స్టెన్‌హమ్మార్ పియానో వాయిస్తూ ఊళ్లు తిరిగేవాడు. రోజూ వాళ్ల బేతోవెన్ వింటూ పెరిగిన చెవి అది.

తొలివి మూడు: సి మేజర్ (ఓపస్ 2, 1894), సి మైనర్ (ఓపస్ 14, 1896), ఎఫ్ మేజర్ (ఓపస్ 18, 1900). మధ్యలో 1897లో ఎఫ్ మైనర్‌లో ఒకటి రాసి వెనక్కి తీసుకున్నాడు. ఓపస్ 2 ఎండపొడలా హాయిగా ఉంటుంది, ఇరవై మూడేళ్ల కుర్రాడి ఆనందం. సి మైనర్‌లో నొసలు ముడిపడుతుంది. నాకు ఎక్కువ ఇష్టం మూడోది, ఎఫ్ మేజర్. బేతోవెన్ నడివయసు క్వార్టెట్ల ప్రభావం తెలిసిపోతూనే ఉంటుంది, అయినా ఊపిరి మాత్రం స్టెన్‌హమ్మార్‌దే. తర్వాతి ఎ మైనర్ (ఓపస్ 25) సిబేలియస్‌కి అంకితం. సిబేలియస్ తన ఆరో సింఫనీని స్టెన్‌హమ్మార్‌కి అంకితమిచ్చాడు.

ఆడవాళ్లెవరూ రాయలేదా?

రాశారు. స్వీడన్‌కి చెందిన ఎల్ఫ్రిడా ఆంద్రే 1867లో గోథెన్‌బర్గ్ కెథెడ్రల్‌లో ఆర్గనిస్ట్‌గా చేరింది. ఆడవాళ్లకి ఆ ఉద్యోగాలు ఇవ్వకూడదన్న చట్టాన్ని మార్చేదాకా పోరాడిన మనిషి. ఆమె 1887లో రాసిన డి మైనర్ క్వార్టెట్ పైన చెప్పిన వాటితో సమానంగా కచేరీల్లో ఉండాల్సిన రచన. ఉండటం లేదు, ఇది సరిచేయాల్సిన విషయం.

ఇవన్నీ జానపద బాణీలేనా?

చాలావరకు కాదు. నేరుగా జానపద గీతం ఎత్తుకోవడం తక్కువే. గ్రీగ్‌లో కనిపించేది హార్డాంగర్ వయోలిన్ పద్ధతి. నార్వే పల్లెల్లో వాయించే ఆ వాద్యంలో వాయించే నాలుగు తీగల కింద, కమాను తగలకుండానే వాటంతట అవి మోగే తీగలు నాలుగైదు ఉంటాయి. సితార్ తరఫ్ తీగలు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పైగా అక్కడివాళ్లు ఎప్పుడూ రెండు తీగలు కలిపి వాయిస్తారు. గ్రీగ్ క్వార్టెట్‌లోని ఆ నిండు మోతకి మూలం అక్కడుంది. సిబేలియస్ తొలి క్వార్టెట్లలో "ఫిన్లాండ్ జానపదం" వెతకొద్దు, ఆ దారి ఆయన పట్టింది "కుల్లెర్వో" నాటికే.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఎక్కుతాయా?

వయోలిన్ శబ్దం కొత్త కాదు కాబట్టి సగం పని అయిపోయినట్టే. తేడా ఎక్కడంటే, మన దగ్గర తీగల్ని స ప స ప అని శృతి చేసి షడ్జమం మారకుండా కచేరీ అంతా నడిపిస్తాం. ఇక్కడ ఆధార స్వరమే కదులుతుంది, ఒక మూవ్‌మెంట్ మొత్తం ఇల్లు వదిలి వెళ్లి తిరిగి రావడమే. మొదటిసారి వినేటప్పుడు పై వయోలిన్‌ని వదిలేసి చెల్లోని మాత్రమే పట్టుకోండి. చెల్లో ఎక్కడుంటే ఇల్లు అక్కడుంటుంది.

ఏ రికార్డింగులు వినాలి? స్కోర్లు దొరుకుతాయా?

నీల్సన్‌కి యంగ్ డేనిష్ స్ట్రింగ్ క్వార్టెట్ దకాపో లేబుల్ మీద చేసిన రెండు ఆల్బమ్‌లు. వాయించినవాళ్లూ అప్పటికి కుర్రాళ్లే, ఆ ఊపు వినిపిస్తుంది. సిబేలియస్ కుర్రనాటి క్వార్టెట్లకి టెంపెరా క్వార్టెట్, స్టెన్‌హమ్మార్‌కి ఆయన పేరే పెట్టుకున్న స్టెన్‌హమ్మార్ క్వార్టెట్, రెండూ బిఐఎస్ లేబుల్. గ్రీగ్‌కి ఎమర్సన్ క్వార్టెట్ బాగుంటుంది, మరీ నునుపుగా ఉందనిపిస్తే నార్వే బృందాలవి వెతకండి.

నీల్సన్ సంపూర్ణ రచనల స్కోర్లన్నీ డెన్మార్క్ రాయల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సంగీతం చదవడం రాకపోయినా ఓపస్ 13 "రెజ్యూమే" పేజీ తెరిచి పెట్టుకుని వినండి, బాణీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉండటం కంటికే కనిపిస్తుంది.

మేం నలుగురం వాయిస్తాం. ఏది మొదలుపెట్టాలి?

స్వెండ్‌సెన్ ఓపస్ 1, లేదా స్టెన్‌హమ్మార్ ఓపస్ 2. గ్రీగ్‌తో మొదలుపెట్టకండి, డబుల్ స్టాప్‌లు (ఒకేసారి రెండు తీగలు మోగించడం) శృతిలో నిలబెట్టడానికే నెలలు పడుతుంది, ముఖ్యంగా వియోలా వాయించేవాళ్లకి నరకం. నీల్సన్ ఓపస్ 13 తీసుకుంటే ముందు మూడో మూవ్‌మెంట్ నేర్చుకోండి, ఫినాలేలో అది తిరిగొచ్చేటప్పటికి చేతిలో ఉండాలి.